ఉలవలు ఎద్దులకి, చారు మాకు

ఆ రోజుల్లో మాకు ఫోన్లు లేవు. టీవీ అంటే ఊళ్ళో ఎక్కడో ఒకరింట్లో ఉండేది. అయినా పొద్దుపోవడం లేదన్న మాట మా నోట ఎప్పుడూ రాలేదు. ఎదుటివాళ్ళు తమ పొద్దు ఎలా పుచ్చుతున్నారో చూడ్డంతోనే మాకు పొద్దుపోయేది. మిరప కల్లాల్లో ఆడవాళ్ళం వరసగా కూర్చునేవాళ్ళం. ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లబారిన తాలుకాయ ఒక పక్కకి. చేతులు కాయల్ని ఏరుతుంటే నోళ్ళు మనుషుల్ని ఏరేవి. ఫలానా ఆయన ఇంట్లో ఇడ్లీ పెట్టుకుని సత్తెనపల్లి హోటల్లో ఇడ్లీ తిని వస్తాడంట, తాలు. ఫలానా ఆమె పగలంతా కూర్చుని వైరు బుట్టలు అల్లుతుందంట, ఇంట్లో బుట్టలో పెట్టడానికి వస్తువులు లేవు గానీ బుట్టలు మాత్రం పదో పన్నెండో ఉన్నాయంట, అదీ తాలే. ఎర్ర గుట్టలోకి మాత్రం మనుషులెవరూ వచ్చేవాళ్ళు కాదు. అక్కడ మేం కూర్చుని ఉండేవాళ్ళం.

ఆ ఏరుడులో నాకు మంచి పేరుండేది. ఎందుకంటే మా పుట్టిల్లు ఒంగోలు వైపు పొగాకు ఊరు. బ్యారన్ అనే వేడి గదిలో కాల్చి ఆరబెట్టిన ఆకుని వేళ్ళతో పట్టి, వెలుగుకి పెట్టి చూసి, ఇది ఫలానా గ్రేడు అని చెప్పడం చిన్నప్పుడే అబ్బింది. చదువు నాలుగో తరగతితో ఆగింది గానీ గ్రేడు కట్టడం ఆగలేదు. సత్తెనపల్లి అవతల పత్తీ మిరపా పండించే ఈ ఊరికి కోడలిగా వచ్చాక, కట్టడానికి ఆకు దొరకలేదు, మనుషులు దొరికారు. దానికి తోడు మా నాన్న సోడా తాగడం కూడా నేను ఎరగను. (దాహమేస్తే బస్టాండులో కుళాయి వెతుక్కునేవాడు. ఆ కుళాయి దొరికేలోపు ఇంకో రెండు దాహాలు వేసేవి.) అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, పందెపు ఎద్దులున్న ఇంట్లో పడ్డాను.

పందెపు ఎద్దులంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్తాను. మా వైపు తిరునాళ్ళకి బండలాగుడు పోటీలు పెడతారు. ఇంతలావు రాతిబండకి ఎద్దుల జతని కడతారు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానికి బహుమతి. మా మామగారికి అలాంటి జత ఉండేది. తెల్లగా, ఎత్తుగా, మూపురాలు ఊగుతూ నడుస్తుంటే ఎవరైనా ఆగి చూడాల్సిందే. ఒకటి పెద్దోడు, ఒకటి చిన్నోడు. మా ఆయనకి మాత్రం ఆ ఇంట్లో అలాంటి పేరేం లేదు, 'వీడు' అనేవాళ్ళు. దుక్కి దున్నడానికి ట్రాక్టరు వచ్చేది, కాయలు మోయడానికి ట్రక్కు వచ్చేది. పెద్దోడూ చిన్నోడూ చేసే పని ఒకటే, తినడం. పొద్దున తవుడు, పత్తిగింజలు, సాయంత్రం ఉడికించిన ఉలవలు, పోటీలు దగ్గర పడితే కోడిగుడ్లు. తర్వాత కాలవలో ఈత, ఒంటికి నూనె మర్దన. ఆ మర్దన చూసి ఎదురింటి పిన్ని, "మా ఆయన నాకు కాళ్ళు నొక్కమంటే కరెంటు పోయింది, కనపడ్డం లేదంటాడమ్మా," అని నిట్టూర్చింది.

ఆ ఉలవలు ఉడికించే పని నాది. పత్తికట్టె పొయ్యి అది. పత్తికట్టె ఎలా మండుతుందంటే, భగ్గుమని మండి, మీరు అటు తిరిగేలోపు ఆరిపోతుంది. ఆరాక మాత్రం కళ్ళలోకి పొగ పంపడం మానదు. సాయంత్రమంతా దాని ముందు కూర్చుని ఊదుతూ ఉలవలు ఉడికించాలి. ఉడికిన ఉలవలు గంపకెత్తి ఎద్దులకి. ఆ ఉడికిన నీళ్ళని చిక్కగా మరిగించి, చింతపండు పులుసు పోసి పోపు పెట్టి చారుగా మాకు. ఆలోచించండి ఒకసారి. గింజలు ఎద్దులకి, ఉడికిన నీళ్ళు మనుషులకి! (ఇప్పుడు గుంటూరు హోటళ్ళలో ఆ చారునే చిన్న గిన్నెలో పోసి, పైన మీగడ వేసి, ఎద్దులకి పెట్టేవాటికంటే ఎక్కువ ధర చెప్తున్నారు. మొన్న మా కోడలు దాన్ని తినేముందు ఫోటో కూడా తీసింది.)

నాకేమో గ్యాసు పొయ్యి కావాలని ఉండేది. ఊళ్ళో అప్పటికే ఇద్దరు ముగ్గురికి వచ్చింది. ఎదురింటి పిన్ని ఒకసారి తిప్పి చూపించింది. పొగ లేదు, ఊదేది లేదు, నీలంగా పువ్వులా వెలిగింది. ఆ పువ్వు నా కళ్ళలోంచి పోలేదు. ఆ ఎద్దుల తిండి ఖర్చుతో పొయ్యి ఎప్పుడో వచ్చి ఉండేదని నా లెక్క. కానీ ఎవరికి చెప్పను? మా ఆయనకి చెప్తే, "నాన్ననడుగు," అనేవాడు. కోడలు మామగారి ఎదుట నిలబడి ఇది కావాలి, అది దండగ అని మాట్లాడటం మా ఇళ్ళలో లేదు. ఆయన వసారాలోకొస్తే నేను వంటింట్లోకి పోవాలి. 'అన్నం పెట్టాను' అన్న మాట కూడా అత్తమ్మ ద్వారానే పోవాలి.

అప్పుడు నాకు దారి దొరికింది. మామగారితో మాట్లాడకూడదన్నారు గానీ ఎద్దులతో మాట్లాడకూడదని ఎవరూ అనలేదు కదా. సాయంత్రం ఆయన వసారాలో మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తుంటారు. ఎదురుగా కొట్టం. నేను ఉలవల గంప తీసుకెళ్ళి ఎద్దుల ముందు పెట్టి, ఆయనకి వినపడేట్టు గట్టిగా మొదలుపెట్టేదాన్ని.

"తినండ్రా నాయనా, తినండి! తిండిపోతుల్లారా! గంపలు గంపలు మింగండి! మిరపకాయలు ఎండలో పడి మేం కోస్తాం, మీ నాన్న గుంటూరు తీసుకెళ్ళి అమ్ముతాడు, ఆ డబ్బులన్నీ మీ పొట్టలోకి. ఏం చేస్తారురా మీరు? రాయి లాగుతారు. ఎక్కడికి లాగుతారు? ఆ చివరికి. మళ్ళీ ఎక్కడికి? ఈ చివరికి. దానికి మీకు నూనె మర్దనా! నా కళ్ళు చూడండ్రా, పొగకి మిరపకాయల్లా అయినయ్యి!"

పెద్దోడు చెవులాడిస్తూ శ్రద్ధగా వినేవాడు. చిన్నోడు గంపలోంచి తలెత్తకుండా తోకాడించేవాడు. మామగారు చుట్ట పొగ వదిలి ఆకాశం వైపు చూసేవారు. ఇలా ఒక రోజు కాదు, రోజూ. కల్లంలో ఆడవాళ్ళు కూడా, "ఇవాళేమన్నావే?" అని అడిగి చెప్పించుకునేవాళ్ళు. నాకు ఉత్సాహం పెరిగి, పగలు ఏరుతూ ఏరుతూ సాయంత్రానికి కావాల్సిన మాటలు సమకూర్చుకునేదాన్ని.

ఒకనాడు నేనిలాగే తిట్టి వెనక్కి తిరిగేసరికి, వసారాలోంచి మామగారి గొంతు వినపడింది. నాతో కాదు. ఎద్దులతోనే.

"ఏరా పెద్దోడా! మీ వదినకి కోపంగా ఉన్నట్టుంది. ఏంది కావాలంట?"

నేను గుంజ చాటుకి జరిగి, "చిన్నోడా, మీ నాన్నకి చెప్పు, గ్యాసు పొయ్యి కావాలంట అని," అన్నాను.

ఆయన చుట్ట నుసి రాల్చారు. తర్వాత, "ఒరేయ్, మీ వదినకి చెప్పండ్రా. వచ్చే తిరునాళ్ళలో మీరు బహుమతి కొడితే ఈ గొడవ మళ్ళీ నా చెవిన పడకూడదు. కొట్టలేకపోయారా, మిమ్మల్ని అమ్మేసి మీ వదినకి పొయ్యి కొనిపెడతా. మాట మాటే," అన్నారు.

అత్తమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. మాటంటే మా మామగారు దాటే మనిషి కాదు. అత్తమ్మ నా వెనకే వంటింట్లోకొచ్చి, "ఏం పిల్లా, ఇప్పుడు చల్లగా ఉందా?" అంది. నాకు నిజంగానే చల్లగా ఉంది. నీలం పువ్వు కళ్ళముందు వెలిగింది. ఆ రాత్రి చారులో ఉప్పు ఎక్కువైందని అందరూ అన్నారు గానీ నాకు తెలియలేదు.

పక్క ఊరి తిరునాళ్ళ వచ్చింది. ఎద్దుల్ని ట్రక్కులో ముందే తీసుకెళ్ళారు. క్యారియరులో అన్నం పెట్టి, ఎదురింటి పిన్నిని తోడిచ్చి, అత్తమ్మ నన్ను పంపింది. అన్నం ఇవ్వడానికని పైకి మాట. నాకు మాత్రం, ఎద్దులు ఓడిపోవడం కళ్ళారా చూసి రావాలని. రేపు మామగారు 'ఓడిపోలేదు, అదేదో అయింది' అంటే సాక్ష్యం ఉండాలి కదా.

అక్కడికి పోయి చూస్తే ఇసకేస్తే రాలనంత జనం. దున్ని చదును చేసిన పొడవాటి బాట, రెండు పక్కలా సున్నంతో గీతలు. బండ ఆ గీత దాటి పక్కకి పోతే ఆ జత ఆట అక్కడితో అయిపోయినట్టేనని మైకులో చెప్తున్నారు. ఆడవాళ్ళకి ఒక పక్క పందిరి వేశారు. నేను పిన్ని పక్కన కూర్చుని మొదలుపెట్టాను. "చూడు పిన్నీ, ఇంతమందికి పనే లేదా? రాయిని అటు లాగించి మళ్ళీ ఇటే తెచ్చి పెడుతుంటే చప్పట్లు! మా చేలో ఎన్ని రాళ్ళున్నయ్యి, అవి లాగించినా ఓ పుణ్యం. ఆ ముసలాయన చూడు, కర్ర ఊతంగా వచ్చి మరీ నిలబడ్డాడు. ఆ సోడాలు చూడు, ఆ బజ్జీలు చూడు..." బజ్జీలు చూడమన్నానని పిన్ని రెండు కొనుక్కొచ్చింది. ఒకటి నేను తిన్నాను. (తినడం వేరు, కొనడం వేరు.)

నాలుగైదు జతలు అయ్యాక మావాళ్ళని కట్టారు. మామగారు తలగుడ్డ చుట్టి, పంచె ఎగగట్టి పక్కన నిలబడ్డారు. చెర్నాకోల చేతిలో ఉండేది గానీ, గాలిలో చప్పుడు చెయ్యడానికే. వీపుల మీద వెయ్యడం నేను ఎప్పుడూ చూడలేదు. మా ఆయన ఇంకో పక్క పగ్గం పట్టుకున్నాడు. ఈల వేశారు.

కదిలాయి. ఏం చెప్పమంటారు! కొట్టంలో గంపలో మూతి పెట్టి సోమరిగా నిలబడే ఆ ఇద్దరేనా వీళ్ళు? మెడలు వంచి, నాలుగు కాళ్ళూ నేలలో దింపి, తొడలమీద నరాలు తాళ్ళలా లేచి, దుమ్ము లేపుకుంటూ పోతున్నారు. బండ కింద నేల గరగరమంటోంది. నేను నోట్లో బజ్జీ నమలడం మర్చిపోయాను. ఆ చివర తిరిగారు. ఈ చివరకొచ్చారు. మళ్ళీ తిరిగారు. మా ముందు నించి పోతుంటే ఆ తొడలు చూసి నాకు ఒక్కసారి తట్టింది. అవి నేను ఉడికించిన ఉలవలు! నేను ఊదిన పొయ్యి అది! ఆ బండ నా పత్తికట్టె మీద నడుస్తోంది!

సరిగ్గా అప్పుడు నా వెనక కూర్చున్న ఎవరో ఊరిగాని ఊరావిడ మూతి తిప్పుతూ, "ఒళ్ళు పెంచారు గానీ సత్తువేది? గంపలు గంపలు మింగడానికే ఇవి. పెట్టినవాళ్ళదీ దండగ," అంది.

నేను రోజూ అనే మాటలే. ఒక్క అక్షరం తేడా లేదు. అయినా నా ఒళ్ళు మండిపోయింది.

"ఏమ్మా, నువ్వు పెట్టావా గంపలు? నువ్వు ఊదావా పొయ్యి?" అన్నాను వెనక్కి తిరిగి.

"నీకెందుకమ్మా అంత ఉలుకు? నీవా ఎద్దులు?" అంది.

"నా మరుదులు!" అన్నాను.

ఆమె నన్ను పైనించి కిందికి చూసి, పక్కావిడ వైపు కాస్త జరిగి కూర్చుంది.

ఇంతలో జనం 'అయ్యో' అన్నారు. చూస్తే మావాళ్ళు ఆ దూరపు మలుపు తిరిగి వస్తూ నెమ్మదించారు. ముందు జత లాగిన దూరం దాకా ఇంకా కాస్తే ఉంది. సమయం దగ్గర పడుతోందని మైకులో అరుస్తున్నారు. పెద్దోడి నోట నురగ. చిన్నోడు ఆగిపోయాడు. మామగారు, "హై హై, నాయనా, హై," అంటూ చిన్నోడి మూపురం తడుతున్నారు. ఆయన ముఖం అంత చిన్నబోవడం నేను అదే చూడ్డం. అవి ఆగితే నాకు పొయ్యి వస్తుంది. అడ్డు తిరగాల్సిన అవసరం కూడా లేదు, ఊరికే కూర్చుంటే చాలు. కూర్చోలేకపోయాను. లేచి, పందిరి ముందుకి తోసుకుంటూ పోయి, పమిట నడుముకి దోపి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఏరా తిండిపోతుల్లారా! గంపలు గంపలు మింగారు గదరా! ఏం చేస్తున్నార్రా అక్కడ! రండ్రా నాయనా, రండి!"

పెద్దోడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. చిన్నోడు తలెత్తాడు. మళ్ళీ ప్రాణం వచ్చినట్టు రెండూ ఒక్కసారి కదిలాయి. జనం గోల పెట్టారు. నేను ఇంకా రెచ్చిపోయి, "అదీ! మింగింది చూపించండ్రా!" అన్నాను.

చూపించాయి. కాకపోతే బాట వెంట కాదు. వాటి లెక్కలో ఆ గొంతుకి, ఆ తిట్లకి ఒకటే అర్థం, సాయంత్రమైంది, ఉలవలు వచ్చాయి. ఏడాదిగా నేను నేర్పిన పాఠం అది. రెండూ మెడలు తిప్పి, బండతో సహా, తిన్నగా నావైపు నడిచాయి. మామగారు పగ్గం లాగుతుంటే ఆయన్ని కూడా లాక్కొచ్చాయి. మా ఆయన, "ఒసేయ్, ఆపవే! నోరు మూయవే!" అని అరుస్తున్నాడు. ఆ గోలలో అదీ నాకు ప్రోత్సాహంలాగే వినపడి ఇంకో రెండు తిట్లు తిట్టాను. సున్నం గీత చెరిగిపోయింది. పందిరి కింద ఆడవాళ్ళు చెల్లాచెదరయ్యారు. పిన్ని ఒక చెప్పు వదిలేసి పరిగెత్తింది. నేను మాత్రం క్యారియరు పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాను. పెద్దోడు వచ్చి, బండ వెనకాల ఉండగానే, నా చంకలో క్యారియరు మీద మూతి పెట్టి వాసన చూశాడు. చిన్నోడు నా చెయ్యి నాకాడు. గంప కోసం వెతుకుతున్నారు పాపం.

మైకులో చెప్తున్న అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "జత గీత దాటిన కారణంగా పోటీ నుంచి తప్పించడమైనది. ఎద్దులకి ఎదురుగా ఉన్న అమ్మగారు ఎవరో గానీ, తమరు దయచేసి, తిరునాళ్ళ అయ్యేవరకు మౌనంగా ఉండవలసిందిగా కమిటీ వారి విన్నపం."

ఆ నవ్వులు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. కర్ర ఊతంగా వచ్చిన ముసలాయన కర్ర వదిలేసి నవ్వాడు.

ఇంటికొచ్చే దారిలో ట్రక్కులో మామగారు ఎద్దుల మెడలు నిమురుతూ కూర్చున్నారు. మా ఆయన మాత్రం ముఖం అటు తిప్పుకుని భుజాలు ఎగరేస్తున్నాడు. ఏడుస్తున్నాడనుకుని భయపడ్డాను, చూస్తే నవ్వాపుకుంటున్నాడు. గుమ్మంలో అత్తమ్మ, "గెలిచిందెవరు?" అంది. "నీ కోడలు," అన్నాడు.

నిజమే, గెలిచింది నేనే. పొయ్యి వస్తుంది. మర్నాడు సాయంత్రం ఉలవలు ఉడికించి గంప తీసుకెళ్ళి పెట్టాను. తిట్టడానికి నోరు రాలేదు. మౌనంగా నిలబడ్డాను. పెద్దోడు గంప వైపు చూశాడు, నావైపు చూశాడు. చిన్నోడూ అంతే. ఇద్దరూ మూతి ముట్టలేదు. ఉలవలు ముందు పెట్టుకుని, అన్నానికి ముందు దేవుడి పాట కోసం ఆగిన బడిపిల్లల్లా నిలబడ్డారు. వసారాలోంచి మామగారు, "ఏంరా, మీ వదిన నాలుగు వాయిస్తే గానీ ముద్ద దిగదేంరా మీకు?" అన్నారు. గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది. "తినండ్రా తిండిపోతుల్లారా," అని సన్నగా అన్నాను. అప్పుడు తిన్నారు. నేను మాత్రం వంటింట్లోకొచ్చి, పొగ లేకుండానే కళ్ళు తుడుచుకున్నాను.

ఓ వారానికి అద్దంకి వైపు నుంచి బేరగాడు వచ్చాడు. పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు, తోకలు ఎత్తి చూశాడు. బేరం కుదిరింది. మామగారు మాట దాటే మనిషి కాదని చెప్పాను కదా. పగ్గాలు ఆయన చేత్తోనే విప్పి బేరగాడి చేతికిచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డారు. అత్తమ్మ ఎద్దుల నుదుట పసుపు రాస్తూ, రాసినచోటే మళ్ళీ రాస్తోంది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. పొయ్యి మీద ఉలవలు ఉడుకుతున్నాయి. ఇవాళ ఎవరు తింటారు ఇవి? అద్దంకిలో వీళ్ళకి ఉలవలు సరిగ్గా ఉడికిస్తారా, పలుకు మీదే పెడతారా? పెట్టేటప్పుడు ఎవరు తిడతారు? తిట్టకపోతే తినరని వాళ్ళకి తెలుసా?

ఎద్దులు వీధి గుమ్మం దాటుతున్నాయి. నేను గబగబా ఉలవలు గంపకెత్తి వసారాలోకొచ్చాను. మామగారు ఎదురుగా ఉన్నారన్న ధ్యాసే లేదు.

"ఎక్కడికిరా పోతున్నారు తిండిపోతుల్లారా! మింగకుండానే పోతున్నారా? నేను పొద్దున్నించీ ఊదుతున్నది మీ నాన్న కోసమా?"

అంతే. బేరగాడి చేతిలో పగ్గాలు జారిపోయాయి. రెండూ గిర్రున తిరిగి, నడివాకిట్లో ఆరబోసిన మిరపకాయలు తొక్కుకుంటూ వచ్చి గంపలో మూతులు పెట్టాయి. బేరగాడు మళ్ళీ పట్టుకున్నాడు. అదిలించి మళ్ళీ గుమ్మం దాకా తీసుకెళ్ళాడు. నేను మళ్ళీ తిట్టాను. మళ్ళీ వచ్చాయి. మూడోసారి పగ్గంతోపాటు వాడూ వచ్చి మిరపకాయల్లో కూలబడ్డాడు. లేచి, పంచె దులుపుకుంటూ, తుమ్ముతూ, "అయ్యా, ఈ జతని తోలుకెళ్ళడం నావల్ల కాదు. ఆ అమ్మాయిని కూడా కలిపి పంపిస్తానంటే చెప్పండి, ఇంకాస్త వేసి ఇస్తా," అన్నాడు.

మా మామగారు నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. గోడకి చెయ్యి ఆనించి, వంగిపోయి నవ్వారు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, మొదటిసారి ఎద్దులతో కాకుండా, నాతోనే మాట్లాడారు.

"అమ్మాయ్, ఇటు చూడు. వాటికి కాదు, నాకే చెప్పు. నీకు పొయ్యి కావాలా, వీళ్ళు కావాలా?"

నాకు గంప కింద పెట్టాలో నెత్తిన పెట్టుకోవాలో తెలియలేదు. "పొయ్యి కొట్లోనే ఉంటుందండీ మావయ్యా, ఎక్కడికి పోదు," అన్నాను. "వీళ్ళు ఆకలికి ఆగలేరు."

పొయ్యి ఆ తర్వాత రెండేళ్ళకి, మిరపకి మంచి ధర పలికినప్పుడు వచ్చింది. నీలం పువ్వు చూసి మురిసిపోయాను గానీ, ఉలవలు మాత్రం పత్తికట్టె మీదే ఉడికించాల్సి వచ్చింది. ఆ సిలిండరు ఎద్దులకే సరిపోతుందని అత్తమ్మ శాసనం. పెద్దోడూ చిన్నోడూ తర్వాత ఒక తిరునాళ్ళలో రెండో బహుమతి తెచ్చారు. ఆ రోజు నేను పందిరిలోనే ఉన్నాను. అయితే మామగారు షరతు పెట్టారు. మన జత లాగుతున్నంతసేపూ అమ్మాయి నోట్లో మిరపకాయ బజ్జీ ఉండాలని. ఆయనే కొనిచ్చారు, పొట్లం నిండా. నేను నోరు తెరవబోయినప్పుడల్లా ఎదురింటి పిన్ని ఇంకొకటి కుక్కింది. నాలుగు రోజులు కడుపు మండింది. అయినా బహుమతిలో నాకూ భాగముందనే అనుకుంటాను.

ఇప్పుడు ఆ కొట్టం లేదు. మామగారూ అత్తమ్మా లేరు. నేను గుంటూరులో కొడుకు దగ్గర, మూడో అంతస్తులో ఉంటున్నాను. మా కోడలు ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. మంచి పిల్ల. కాకపోతే డబ్బు పెట్టి ముళ్ళ మొక్కలు కొంటుంది. అవును, ముళ్ళే. చేలో మేం ఊరికే కొట్టిపారేసేవి, ఇక్కడ రంగు కుండీల్లో పెట్టి కిటికీలో వరసగా నిలబెట్టింది. నాకు గ్రేడు కట్టాలని నోరు దురద పెడుతుంది. తనతో అనలేక, నీళ్ళు పోసేటప్పుడు ఆ మొక్కలతోనే నాలుగు మాటలంటాను. "తాగండ్రా, తాగండి, చాకిరీ లేదు, పువ్వు లేదు, మీకు కుండీలు కావాల్సొచ్చాయా..."

ఇక నా సంగతి. ఇప్పుడు బండలాగుడు పోటీలన్నీ ఫోన్లో ప్రత్యక్షంగా వస్తున్నాయి. మనవడు పెట్టుకోవడం నేర్పాడు. ఏ ఊళ్ళో పోటీ ఉన్నా మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా చూస్తాను. మొన్న మా కోడలు ఆఫీసు మీటింగులో ఉండగా ఏదో ఆగిపోయిందంట. గదిలోంచి వచ్చింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. హాల్లో గోడకి పెట్టిన నెట్టు డబ్బా దగ్గరికెళ్ళి నిలబడి, నాకు వినపడేట్టు దాంతో అంది. "పాపం, ఏం చేస్తావులే నువ్వు మాత్రం. నీకొచ్చేదంతా ఎద్దులే మేసేస్తున్నాయి. రాయి అటు లాగుతాయి, ఇటు లాగుతాయి, దానికి నా మీటింగు పోతుంది."

నేను కళ్ళద్దాలు తీసి ఆ పిల్ల వంక చూశాను. అదే నిలబడ్డం, నడుమున చెయ్యి, అదే గొంతు. డబ్బా మీద పచ్చదీపం, పెద్దోడు చెవి ఆడించినట్టు, మిణుకు మిణుకుమంటూ వింటోంది. "డబ్బా నాయనా," అన్నాను, "మీ అమ్మగారికి చెప్పు, ఈ ఒక్క జతా అయిపోయాక ఆపేస్తానని." తను అటు తిరిగి నవ్వాపుకుంది. భుజాలు ఎగరడం చూశాను.

ఆ ఒక్క జత తర్వాత ఇంకో జత వచ్చింది, అది వేరే సంగతి. చూస్తున్నంతసేపూ బాగానే ఉంటాను. కానీ ఏ జతైనా మలుపు దగ్గర నెమ్మదించిందా, నా చెయ్యి దానంతటదే పైకి లేచి కొంగు నోట్లో కుక్కుతుంది. ఫోనులోంచి వినపడదని మనవడు ఎన్నిసార్లు చెప్పినా నాకు నమ్మకం లేదు. విన్నాయంటే ఇటే వస్తాయి. వస్తే పెట్టడానికి ఇంట్లో ఉలవలు కూడా లేవు.